నీలం గుర్రం వెంట: ఇటలీ కళ, సైన్స్, వైద్యం మీద ఇంటి నుంచే రీసెర్చ్ చేయడం ఎలా

“ఇటలీలో ఈ వందేళ్ల కళకీ మెడిసిన్‌కీ ఉన్న సంబంధం మీద పేపర్ రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?” ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. అడిగేవాళ్లలో హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివేవాళ్లు ఉంటారు. స్కాలర్‌షిప్ మీద బొలోన్యాకో పాదువాకో వెళ్లబోయేవాళ్లు ఉంటారు. ఎంబీబీఎస్ మధ్యలో చరిత్ర మీద మనసు పడ్డవాళ్లూ ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా రాసి రాసి అలసిపోయాను కాబట్టి మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

అసలు చిక్కు ఏమిటంటే, ఇటలీలో కళకు సంబంధించిన కాగితాలు ఒకచోట, ఆస్పత్రి కాగితాలు ఇంకోచోట, చట్టాలు మరోచోట ఉంటాయి. ఒక కేటలాగ్‌కి ఇంకో కేటలాగ్ ఊసు తెలియదు. “కళ, వైద్యం” అని వెతికితే ఏ తలుపూ తెరుచుకోదు. ఒక వస్తువు పేరు పట్టుకుని వెళ్తే మూడు తలుపులూ తెరుచుకుంటాయి. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

చిన్న మనవి. ఇటాలియన్ మాటలన్నీ మన లిపిలోనే రాశాను. అసలు స్పెల్లింగ్ కావాలంటే ఆ మనిషి లేదా ఊరి గురించి ఇంగ్లిష్ వికీపీడియా పేజీ తెరిచి, భాషల జాబితాలో ఇటాలియన్ నొక్కండి. అక్కడ కనిపించే స్పెల్లింగ్‌నే కాపీ చేసుకుని కేటలాగ్‌లలో వాడండి. మీ చెవికి వినిపించినట్టు టైప్ చేయొద్దు.

కావలసినవి

• ల్యాప్‌టాప్, నెట్. ఫోన్‌లో కూడా అవుతుంది గానీ ఆర్కైవ్ సైట్లు చిన్న స్క్రీన్ మీద చాలా విసిగిస్తాయి.

• జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్. పుస్తకాల, వ్యాసాల వివరాలు దాచుకోవడానికి.

• ఐదు గడుల స్ప్రెడ్‌షీట్: ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరు చెప్పారు, వాళ్లు ఏ సంవత్సరంలో చెప్పారు, నేను ఎక్కడ చూశాను. ఇది బద్ధకించి వదిలేసినవాళ్లే నెల తర్వాత “ఈ తేదీ నాకు ఎక్కడ దొరికింది?” అని తల పట్టుకుంటారు.

• యూనివర్సిటీ మెయిల్ ఐడీ ఉంటే మంచిది. లేకపోయినా పని ఆగదు. భారత్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలో ఉంటే 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ద్వారా మీ లైబ్రరీకి ఏయే జర్నల్స్ వస్తున్నాయో లైబ్రేరియన్‌ని ముందే అడగండి.

• ఇటాలియన్ రెండు మూడు వందల మాటలు. మాట్లాడనక్కర్లేదు, కేటలాగ్ చదవగలిగితే చాలు.

• రోజుకు గంటన్నర చొప్పున ఆరు వారాలు.

1. టాపిక్ వదిలేసి ఒక వస్తువును పట్టుకోండి

వస్తువు అంటే బొమ్మ కావచ్చు, గోడ కావచ్చు, ఒక ఎగ్జిబిషన్ కావచ్చు. దానికి తేదీ, ఊరు, కనీసం ఇద్దరు ముగ్గురు మనుషుల పేర్లు ఉండాలి. ఇవి ఒక పోస్ట్‌కార్డ్ మీద రాయలేకపోతే అది ఇంకా వస్తువు కాలేదని అర్థం.

నేను ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ మార్కో కవాల్లో. త్రియెస్తే నగరంలోని సాన్ జొవాన్ని పిచ్చాసుపత్రిలో బట్టల బండి లాగే ఒక ముసలి గుర్రం ఉండేది, పేరు మార్కో. దాన్ని కబేళాకు పంపకుండా వదిలేయమని అక్కడి రోగులు అడిగారు. 1973 మొదట్లో, ఖాళీ చేసిన ఒక వార్డులో రోగులు, నర్సులు, డాక్టర్లు, కళాకారులు కలిసి దాని పేరుతోనే చెక్కతో, కాగితపు గుజ్జుతో పెద్ద నీలం గుర్రాన్ని తయారు చేశారు. నాటక రచయిత జులియానో స్కాబియా, శిల్పి విత్తోరియో బజాల్యా పనిని నడిపించారు. ఆస్పత్రి డైరెక్టర్ సైకియాట్రిస్ట్ ఫ్రాంకో బజాల్యా. గుర్రం వార్డు తలుపు పట్టనంత పెద్దదైంది. దారి పగలగొట్టి మరీ దాన్ని ఊరేగింపుగా ఊళ్లోకి తీసుకెళ్లారు. ఐదేళ్ల తర్వాత, 1978 మే 13న, పిచ్చాసుపత్రుల వ్యవస్థను కూల్చిన 180వ నంబరు చట్టం వచ్చింది. దాన్ని ఇప్పటికీ బజాల్యా చట్టమనే అంటారు.

చూశారా, ఒక్క గుర్రంలోనే నాటకం, శిల్పం, సైకియాట్రీ, పార్లమెంటు అన్నీ ఉన్నాయి.

గుర్రం నచ్చకపోతే వేరేవి ఉన్నాయి. అల్బెర్తో బుర్రి తీసుకోండి. 1940లో పెరుజాలో మెడిసిన్ పూర్తి చేసి, సైన్యంలో డాక్టరుగా వెళ్లి, యుద్ధఖైదీగా అమెరికాలోని టెక్సాస్‌లో హెరెఫోర్డ్ శిబిరానికి చేరి, అక్కడే పెయింటింగ్ మొదలుపెట్టాడు. తిరిగొచ్చాక మళ్లీ వైద్యం ముట్టుకోలేదు, చిరిగిన గోనెసంచులు కుట్టి చిత్రాలు చేశాడు. లేదంటే వొల్తెర్రా పిచ్చాసుపత్రిలో ఫెర్నాందో నన్నెత్తి అనే రోగి తన యూనిఫాం బకిల్‌తో గోడ మీద చెక్కిన రాతలు తీసుకోండి. సైన్స్ వైపు మొగ్గు ఉంటే 1962లో మిలాన్‌లోని ఒలివెత్తి షోరూంలో బ్రూనో మునారి ఏర్పాటు చేసిన ‘ఆర్తె ప్రొగ్రమ్మాతా’ ప్రదర్శన ఉంది. మోటార్లతో కదిలే కళాఖండాలు, వెనక కంప్యూటర్లూ టైప్‌రైటర్లూ తయారుచేసే కంపెనీ. కేటలాగ్‌కి ముందుమాట రాసింది ఉంబెర్తో ఎకో.

హెచ్చరిక: లియొనార్దో దా విన్చీ వైపు వెళ్లకండి. సమకాలీన కళ అని మొదలుపెట్టి, శరీరశాస్త్రం పేరుతో లియొనార్దో దగ్గర తేలినవాళ్లను చాలామందిని చూశాను.

2. మాటల పట్టిక తయారు చేసుకోండి

ఇంగ్లిష్ మాటలతో వెతికితే ఇటలీ కేటలాగ్‌లో ఎగ్జిబిషన్ల ద్విభాషా పుస్తకాలు మాత్రం దొరుకుతాయి. అసలు సరుకు ఇటాలియన్‌లోనే ఉంది. ఒక్కో భావానికి కనీసం రెండు మూడు మాటలు రాసుకోండి.

పిచ్చాసుపత్రికి వాడుక మాట ‘మానికోమియో’. ఆఫీసు కాగితాల్లో మాత్రం ‘ఒస్పెదాలె సికియాత్రికో’, చాలాసార్లు పొట్టిగా ఓపీ అనే రెండక్షరాలు. మనకి ఓపీ అంటే ఔట్ పేషెంట్ గుర్తొస్తుంది, అక్కడ దానికి సరిగ్గా ఎదురు. రోగి ఫైలు ‘కార్తెల్లా క్లినికా’. కాగితపు గుజ్జు ‘కార్తాపెస్తా’. ఎగ్జిబిషన్ ‘మోస్త్రా’. చిత్రం ‘క్వాద్రో’, తమాషా ఏమిటంటే రోగలక్షణాల మొత్తాన్ని డాక్టర్లు ‘క్వాద్రో క్లినికో’ అంటారు, రెండూ ఒకే మాట.

ఇక అందరూ పడే గుంట, శతాబ్దాల పేర్లు. ‘నొవెచెంతో’ అంటే అక్షరాలా తొమ్మిది వందలు. అర్థం మాత్రం 1900లు, అంటే ఇరవయ్యో శతాబ్దం. ‘ఒత్తోచెంతో’ పంతొమ్మిదోది, ‘క్వాత్రోచెంతో’ పదిహేనోది. మెషీన్ ట్రాన్స్‌లేషన్‌ని నమ్మి తొమ్మిదో శతాబ్దపు ఇటలీ పెయింటింగ్ అని రాసిన డ్రాఫ్ట్ ఒకటి నా దగ్గరకు వచ్చింది. అందులో ఉన్నది 1950ల చిత్రం.

రెండో గుంట: ఇటలీ యూనివర్సిటీల్లో ‘ఆధునిక కళ’ అంటే సుమారు పదిహేనో శతాబ్దం నుంచి పద్దెనిమిది దాకా. ఆ తర్వాతదంతా, పంతొమ్మిదో శతాబ్దంతో సహా, ‘ఆర్తె కొంతెంపొరానెయా’, అంటే సమకాలీన కళ కిందికి వస్తుంది. మీరు మోడర్న్ అని వెతికితే రఫాయెల్ వస్తాడు, బుర్రి రాడు.

స్పెల్లింగ్‌కి సంబంధించి మూడు చిట్కాలు చాలు. ఇ, ఎ ముందు సీ అక్షరం ఉంటే ‘చ’. అదే సీ పక్కన హెచ్ చేరితే ‘క’. జీఎన్ కలిస్తే ‘న్య’. మనవాళ్లు హెచ్ చూడగానే ‘చ’ అనుకుని తలకిందులు చేస్తారు. ద్విత్వాల విషయంలో మాత్రం మనకి లాభం ఉంది. ‘నోన్నో’ అంటే తాత, ‘నోనో’ అంటే తొమ్మిదోది. తెలుగు చెవికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అని పొగుడుకోవడం చిన్నప్పటి నుంచి వింటున్నాం. నాకు దానివల్ల కలిగిన ప్రయోజనం ఇదొక్కటే.

3. పుస్తకాల కేటలాగ్: ఎస్‌బీఎన్

ఓపాక్ డాట్ ఎస్‌బీఎన్ డాట్ ఐటీ. ఇటలీలో వేల లైబ్రరీల ఉమ్మడి కేటలాగ్ ఇది. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. ఇక్కడ చేయవలసింది ఇంతే:

ముందు వస్తువు పేరుతో వెతకండి. తర్వాత అదే వెతుకులాటను సంవత్సరాల పరిధితో బిగించండి. మన గుర్రానికైతే 1973 నుంచి 1980 దాకా. ఆ కాలంలో వచ్చినవి ఒక ఫోల్డర్, తర్వాతివి ఇంకో ఫోల్డర్. సంఘటన జరిగినప్పటి మాట, ముప్ఫై ఏళ్ల తర్వాత గుర్తుచేసుకున్న మాట ఒకదానికొకటి కలవకూడదు.

రికార్డులో ‘ఆ కూరా ది’ అని కనిపిస్తే ఆ పేరు సంపాదకుడిది, రచయితది కాదు. ‘ఎదితోరె’ అంటే ఎడిటర్ అనుకుంటారు. కాదు, పబ్లిషర్. ‘లిబ్రెరియా’ పుస్తకాల షాపు, లైబ్రరీ అయితే ‘బిబ్లియోతెకా’. ఈ మూడూ తప్పు పెడితే మీ రిఫరెన్సులు చూసిన ఇటాలియన్ ప్రొఫెసర్ మొదటి పేజీలోనే మీ మీద నమ్మకం వదులుకుంటారు.

పుస్తకం ఏ ఊళ్లో ఉందో కింద ఉంటుంది. ఇంటి నుంచి చదవాలంటే అదే పేరుతో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, తర్వాత ‘ఇంతెర్నెత్ కుల్తురాలె’ అనే ఇటలీ డిజిటల్ లైబ్రరీలో చూడండి. 1960, 70ల పుస్తకాలకు కాపీరైట్ ఉంటుంది కాబట్టి పూర్తి పాఠం తక్కువసార్లే దొరుకుతుంది. అప్పుడు మీ లైబ్రరీ ద్వారా ఒక అధ్యాయం స్కాన్ అడగడమే దారి.

4. పేర్ల దగ్గర ఆగండి

నేను బాగా దెబ్బతిన్న మెట్టు ఇది, కాబట్టి కాస్త ఎక్కువసేపు ఉంటాను.

పాత పత్రికల్లో రచయిత పేరు పొడి అక్షరంతో వేస్తారు. ఎఫ్. బజాల్యా అని ఉంటే ఫ్రాంకో అనుకుని నేను ఒక పేపర్‌లో రెండు చోట్ల ఉదహరించాను. నిజానికి అందులో ఒకటి ఫ్రాంకా రాసింది. ఫ్రాంకా ఒంగారో ఆయన భార్య. ఆయనతో కలిసి పుస్తకాలు రాసింది, తర్వాత సెనేటర్ కూడా అయింది. ఆవిడ మేధను నేను సింపుల్‌గా భర్త ఖాతాలో వేసేశాను! ఇటలీలో పెళ్లయినా స్త్రీల చట్టబద్ధమైన ఇంటిపేరు మారదు. కానీ పుస్తకాల మీద ఒంగారో బజాల్యా అని ఒకచోట, బజాల్యా ఒంగారో అని ఇంకోచోట ఉంటుంది. రెండు రకాలుగానూ వెతకాలి. పైగా గుర్రాన్ని చెక్కిన విత్తోరియో కూడా బజాల్యానే, ఫ్రాంకోకి బంధువు.

తూరిన్ వెళ్తే ఇంకా గమ్మత్తు. అక్కడ లేవీలు ఎంతమందో. జుసెప్పె లేవీ అనాటమీ ప్రొఫెసర్. ఆయన శిష్యుల్లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. ఆ ముగ్గురిలో రీతా లేవీ-మొంతాల్చీని ఒకరు. నరాల పెరుగుదలను నడిపించే పదార్థం మీద పనికి 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిసి నోబెల్ అందుకుంది. ఇంటిపేరులో లేవీ ఉన్నా గురువుకీ ఆమెకీ చుట్టరికం లేదు. రీతా కవల సోదరి పావొలా పెయింటర్. వాళ్ల అన్న జీనో ఆర్కిటెక్ట్. వీళ్లు కాక కార్లో లేవీ ఉన్నాడు, డాక్టరు చదువు చదివి పెయింటర్, రచయిత అయినవాడు. ప్రీమో లేవీ ఉన్నాడు, కెమిస్టు, రచయిత. లేవీ, తూరిన్ అని కొట్టి వచ్చింది వచ్చినట్టు దించుకుంటే ఆరుగురి జీవితాలు ఒకరికి అంటగడతారు.

మందు ఒకటే. ఎస్‌బీఎన్‌లో రచయిత పేరు మీద నొక్కితే ఆ మనిషికి కేటాయించిన ప్రామాణిక రూపం, పుట్టిన సంవత్సరం వస్తాయి. వీఐఏఎఫ్ అనే అంతర్జాతీయ పేర్ల జాబితాలో కూడా సరిచూసుకుని, పుట్టిన సంవత్సరాన్ని మీ షీట్‌లో పేరు పక్కన తప్పనిసరిగా రాసుకోండి.

ఇటలీ ఆఫీసు కాగితాల్లో చాలాచోట్ల మనలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత వస్తుంది. మనకి ఇది సహజంగానే అర్థమవుతుంది. కానీ జొటేరోలోకి ఎక్కించేటప్పుడు తారుమారు అవుతుంది, చూసుకోండి.

‘దొత్తోరె’ అనే బిరుదు చూసి డాక్టర్ అని గానీ పీహెచ్‌డీ అని గానీ రాయకండి. ఇటలీలో డిగ్రీ పాసైన ప్రతివారినీ దొత్తోరె అంటారు. వైద్యుడైతే ‘మెదికో’ అని వేరే మాట ఉంటుంది. ఆస్పత్రి కాగితాల్లో ‘ప్రిమారియో’ అంటే ప్రైమరీ కాదు, విభాగాధిపతి.

5. వైద్య పత్రికలు, కొత్త పరిశోధన

పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల సూచీలో భాష ఫిల్టర్ ఇటాలియన్ పెట్టి, సంవత్సరాలు బిగించి వెతకండి. ఇక్కడ మాత్రం ఇంగ్లిష్ మాటలతోనే వెతకాలి, ఎందుకంటే ఇటాలియన్ వ్యాసాల శీర్షికలను ఇంగ్లిష్‌లోకి మార్చి చదరపు బ్రాకెట్లలో పెడతారు. పాతవాటికి సారాంశం ఉండదు, శీర్షిక చూసి ఊహించుకోవాలి. ఆ పత్రిక ఇటలీలో ఏ లైబ్రరీలో ఉందో ఏసీఎన్‌పీ అనే పత్రికల కేటలాగ్ చెబుతుంది.

కొత్త పరిశోధన కోసం యూనివర్సిటీల ఐరిస్ రిపాజిటరీలు చూడండి. చాలా ఇటలీ యూనివర్సిటీలు తమ అధ్యాపకుల వ్యాసాలను అందులో పెడతాయి, కొన్ని ఉచితంగా దిగుతాయి.

ఇటాలియన్ అసలు ముట్టుకోలేనంటారా? సరే, బజాల్యా ఉద్యమం మీద జాన్ ఫుట్ అనే చరిత్రకారుడు ఇంగ్లిష్‌లో విస్తారంగా రాశాడు. బుర్రి మీద 2015లో న్యూయార్క్ గగ్గెన్‌హైమ్ మ్యూజియం పెద్ద ప్రదర్శన జరిపి ఇంగ్లిష్ కేటలాగ్ వేసింది. వీటితో మొదలుపెట్టి వాటి ఫుట్‌నోట్లలోని ఇటాలియన్ మూలాల్ని ఒక్కొక్కటీ లాగండి. సెమినార్ పేపర్‌కి ఇది చాలు. థీసిస్‌కి చాలదు.

6. ఆర్కైవ్‌లు, చట్టాలు

కళ వైపు: వెనిస్ బియెన్నాలె (అంతర్జాతీయ కళా ప్రదర్శన) వాళ్ల ఆర్కైవ్ ఆసాక్, రొవెరెతోలో మార్త్ మ్యూజియం ఇరవయ్యో శతాబ్దపు ఆర్కైవ్, తూరిన్ దగ్గర కస్తెల్లో ది రివోలి పరిశోధన కేంద్రం, రోమ్‌లో క్వాద్రియెన్నాలె (నాలుగేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన) ఆర్కైవ్. బుర్రి అయితే ఆయన పుట్టిన చిత్తా ది కస్తెల్లోలోని పలాత్సో అల్బిజ్జీని ఫౌండేషన్.

ఆస్పత్రుల వైపు: ‘కార్తె దా లెగారె’ పేరుతో ఇటలీ ఆర్కైవ్ శాఖ పిచ్చాసుపత్రుల కాగితాల కోసం ఒక ప్రాజెక్టు నడిపింది, ముందు అక్కడ చూడండి. తర్వాత సియూసా అనే ఆర్కైవ్‌ల గైడ్. వెనిస్‌లో సాన్ సెర్వొలో అనే దీవి మొత్తం ఒకప్పుడు పిచ్చాసుపత్రి. ఇప్పుడు అక్కడ మ్యూజియం, ఆర్కైవ్ ఉన్నాయి.

ఒక ఆస్పత్రి కాగితాలు ఎక్కడా కనిపించకపోతే ఇలా ఆలోచించండి. 1904 నాటి చట్టం ప్రకారం ఈ ఆస్పత్రుల ఖర్చు ప్రొవిన్స్‌లది, అంటే మన జిల్లా పరిషత్తు లాంటి వాటిది. 1978 డిసెంబరులో జాతీయ ఆరోగ్య వ్యవస్థ ఏర్పడ్డాక బాధ్యత స్థానిక ఆరోగ్య సంస్థలకు మారింది. కాబట్టి పెట్టెలు ప్రొవిన్స్ దగ్గర ఉండొచ్చు, ఆరోగ్య సంస్థ బేస్‌మెంట్‌లో ఉండొచ్చు, ప్రభుత్వ ఆర్కైవ్‌కి చేరి ఉండొచ్చు. మూడు చోట్లా అడగండి.

గట్టి హెచ్చరిక: మనుషుల ఆరోగ్యం గురించిన పత్రాలు ఇటలీలో రాసిన తేదీ నుంచి 70 ఏళ్లు మూసి ఉంటాయి. 2004 నాటి సాంస్కృతిక సంపద కోడ్‌లోని 122వ అధికరణం ఇది. అంటే 1973 నాటి కార్తెల్లా క్లినికా 2043 దాకా మామూలుగా తెరుచుకోదు. చరిత్ర పరిశోధన కోసం ముందే చూసేందుకు దరఖాస్తు పద్ధతి ఉంది గానీ మాస్టర్స్ పేపర్‌కి అంత శ్రమ అవసరం లేదు. డైరెక్టర్ ఉత్తర్వులు, ఖర్చుల పుస్తకాలు, పత్రికా ప్రకటనలు, ఫొటోలతో పని నడుస్తుంది. ఎక్కడైనా రోగి పేరు కనిపిస్తే, తన పేరుతో బయట ప్రపంచానికి తెలిసిన మనిషి అయితే తప్ప, పొడి అక్షరాలే వాడండి.

చట్టం కోసం ‘నొర్మత్తీవా’ అనే ప్రభుత్వ సైట్. ఉచితం. ఇందులో ఉన్న గొప్ప సదుపాయం, చట్టం ఏ తేదీన ఎలా ఉందో ఆ రూపంలో చూపించడం. 180వ చట్టానికి 11 అధికరణాలు. అదే ఏడాది డిసెంబరు 23న వచ్చిన 833వ చట్టంలో వీటిని కలిపేశారు. తేదీ పెట్టకుండా తెరిస్తే తర్వాతి మార్పులు కూడా కలిసి కనిపిస్తాయి. మే 13 రూపమే తీసుకోండి.

పేపర్ల కోసం తూరిన్ దినపత్రిక లా స్తాంపా పాత సంచికల ఆర్కైవ్, వీడియోల కోసం ఇస్తితూతో లూచె వాళ్ల న్యూస్‌రీల్స్. ఒక జాగ్రత్త: 1978 మే 9న మాజీ ప్రధాని ఆల్దో మోరో మృతదేహం రోమ్‌లో దొరికింది. మన చట్టం నాలుగు రోజుల తర్వాత వచ్చింది. ఆ వారం మొదటి పేజీలు చూసి “పత్రికలు చట్టాన్ని పట్టించుకోలేదు” అని తేల్చకండి. లోపలి పేజీలు తిప్పండి, ముందు వారాలు కూడా చూడండి.

7. ఆర్కైవ్‌కి మెయిల్ రాయండి

ఇంగ్లిష్‌లో రాస్తే కొన్నిచోట్ల జవాబు వస్తుంది. ఇటాలియన్‌లో రాస్తే వచ్చే అవకాశం ఎక్కువ. ఆరేడు వాక్యాలు చాలు. ‘జెంతీలె దొత్తొరెస్సా’ (మగవారైతే ‘జెంతీలె దొత్తోర్’) అని మొదలుపెట్టి ఇంటిపేరు రాయండి. ‘తూ’ వాడకూడదు, అది మన ‘నువ్వు’. ‘లేయి’ అనే గౌరవవాచకం వాడాలి. ట్రాన్స్‌లేషన్ యాప్‌లు చాలాసార్లు నువ్వులోకి దిగిపోతాయి, పంపే ముందు అదొక్కటి సరిచూడండి. చివర ‘కోర్దియాలి సలూతి’.

మధ్యలో మూడు విషయాలు ఉండాలి. మీరెవరు, ఏ చదువు కోసం. మీకు కావలసిన పత్రం కచ్చితమైన చిరునామా: ఏ ‘ఫోందో’ (సేకరణ), ఏ ‘బూస్తా’ (పెట్టె), ఏ ‘ఫాషీకొలో’ (ఫైలు). స్కాన్ ఇస్తారా, ఖర్చెంత. “మార్కో కవాల్లో గురించి మీ దగ్గర ఉన్నదంతా పంపండి” అని రాస్తే ఎవరూ పంపరు, మనవాళ్లు మాత్రం పంపుతారా?

ఫొటోలు అడిగేటప్పుడు చదువు కోసమా, అచ్చు కోసమా చెప్పండి. రెండింటికీ నిబంధనలు వేరు. ఫొటో ఆర్కైవ్‌ది అయినా హక్కు ఫొటోగ్రాఫర్‌ది కావచ్చు.

ఇక సమయం. ఇటలీ మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక. మన మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేస్తే దొరుకుతారు. నేనొకసారి ఆగస్టు మొదటి వారంలో ఒక ఆర్కైవ్‌కి మెయిల్ పెట్టి, వారం చూసి, టెన్షన్ పట్టలేక మళ్లీ పెట్టి, ఇంకోసారి కాస్త ఘాటుగా కూడా పెట్టాను. జవాబు సెప్టెంబరు రెండో వారంలో వచ్చింది, ఎంతో మర్యాదగా, అడిగిన నాలుగు స్కాన్‌లతో సహా. ఆగస్టు 15 ఫెరాగోస్తో పండుగ చుట్టూ ఆ దేశం సెలవులో ఉంటుందని నాకు అప్పటికి తెలియదు. ఆ మూడో మెయిల్ గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఊరి దేవుడి పండుగలకు కూడా ఆఫీసులు మూస్తారు: తూరిన్‌లో, ఫ్లోరెన్స్‌లో జూన్ 24, త్రియెస్తేలో నవంబరు 3.

8. చదివేటప్పుడు మోసం చేసే మాటలు

మెషీన్ ట్రాన్స్‌లేషన్ వాడండి, తప్పు లేదు. ఈ నాలుగు మాటలు వచ్చినప్పుడు మాత్రం ఆగి మూలం చూడండి. ‘సనితా’ అంటే ఆరోగ్య వ్యవస్థ, బుద్ధి స్థిమితం కాదు. ‘కొంతెంత్సియోనె’ అంటే రోగిని కట్టేయడం, వాదన కాదు. ‘రికొవెరో’ అంటే ఆస్పత్రిలో చేర్చడం, కోలుకోవడం కాదు. ఇది తప్పితే వాక్యం అర్థం పూర్తిగా తిరగబడుతుంది. ‘రిచెర్కా’ పరిశోధన కావచ్చు, ఉత్త వెతుకులాట కావచ్చు.

అంకెల్లో చుక్క, కామా తారుమారు. 1.200 అని ఉంటే పన్నెండు వందలు. 1,2 అని ఉంటే ఒకటీ పాయింట్ రెండు. రోగుల సంఖ్యను వెయ్యోవంతుకు తగ్గించిన పట్టికలు నేను దిద్దాను.

9. ఫలితం సరిగ్గా ఉందా? మూడు పరీక్షలు

మొదటిది తేదీ పరీక్ష. గుర్రం ఊరేగింపు 1973 ఫిబ్రవరి 25 అని రాసుకున్నారనుకోండి. ఫోన్‌లో ఆ ఏడాది క్యాలెండర్ తెరవండి. ఆదివారం, ఫిబ్రవరి చివరి ఆదివారం. మీ మూలంలో “ఫిబ్రవరి చివరి ఆదివారం” అని ఉంటే కలిసింది. కలవకపోతే ఎవరో ఒకరు గుర్తుమీద రాశారు. పూర్తయిన సంవత్సరాల దగ్గర ఇంకా జాగ్రత్త. 1968 భూకంపంలో నేలమట్టమైన సిసిలీ ఊరు జిబెల్లీనా శిథిలాల మీద బుర్రి పరిచిన తెల్ల సిమెంటు ‘క్రెత్తో’ (పగుళ్లలాంటి చీలికలున్న కళాఖండం) పని 1984లో మొదలై 1989లో ఆగింది. పూర్తయింది 2015లో, ఆయన పోయిన ఇరవై ఏళ్లకు. 1989 అని ముగించిన వ్యాసాలు నెట్‌లో బోలెడు.

రెండోది “ఎవరన్నారు” పరీక్ష. మీ పేపర్‌లో అర్థం చెప్పే ప్రతి వాక్యం కింద గీత గీసి, పక్కన ఒక పేరు రాయండి. బుర్రి గోనెసంచుల్లో గాయాలు, కుట్లు, రక్తపు కట్లు చూసింది విమర్శకులు. బుర్రి ఆ అర్థాన్ని ఒప్పుకోలేదు, తనకు పదార్థమే ముఖ్యమన్నాడు. డాక్టరు కాబట్టి గాయాలు చిత్రించాడు అనడం చాలా ఆకర్షణీయమైన వాక్యం. నా మొదటి డ్రాఫ్ట్‌లోనూ ఉంది. విమర్శకుల పేరుతో రాస్తే ఉంచండి, బుర్రి ఉద్దేశంగా రాస్తే కొట్టేయండి. గుర్రం కథలోనూ అంతే. బయటికి తెచ్చేటప్పుడు పగలగొట్టింది తలుపని కొందరు, గేటని కొందరు చెబుతారు. ఎవరి మాట రాస్తున్నారో పేరు పెట్టండి.

మూడోది ‘తర్వాత ఏమైంది’ పరీక్ష. “1978లో ఇటలీ పిచ్చాసుపత్రులన్నీ మూసేశారు” అనే వాక్యం మీ పేపర్‌లో ఉంటే అది తప్పు. చట్టం కొత్త ఆస్పత్రులు కట్టకూడదని, కొత్తవాళ్లను చేర్చకూడదని చెప్పింది. ఉన్నవి ఖాళీ కావడానికి తొంభైల చివరిదాకా పట్టింది. నేరం చేసిన రోగులను ఉంచే జుడీషియల్ ఆస్పత్రులు అసలు ఈ చట్టం కిందికి రాలేదు, వాటి మూసివేతకు చట్టం పెట్టిన గడువు 2015 మార్చి 31. గుర్రం 1973లో బయటికి వచ్చింది, మనుషులందరూ ఎప్పుడు వచ్చారనేది వేరే లెక్క.

ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా షీట్‌లో ఆ వరుసకు ఎరుపు రంగు వేసి, అది ఆర్కైవ్ ప్రశ్న అయితే ఏడో మెట్టుకి, పేరు ప్రశ్న అయితే నాలుగో మెట్టుకి వెనక్కి వెళ్లండి. ఎరుపు వరుసలు రెండు మూడు మిగిలినా పేపర్ ఇవ్వొచ్చు, ఆ వాక్యాలు మాత్రం తీసేసి ఇవ్వండి.

మీరు ఇది చదివేసరికి జూలై అయితే మెట్ల వరుస మార్చేయండి. వస్తువు ఎంచుకున్న రోజే ఏడో మెట్టు చేసి మెయిల్ పంపేసి, మిగతావి ఆగస్టులో చేసుకోండి.